లాయరుగారి సోఫాలో కుందేళ్ళు

మా బావమరిది కుక్క తల్లి కుందేలును చంపింది. దీని మీద వాదన అనవసరం. సాయంత్రం ఆరు గంటలకు అది మా పెరటి తలుపు కింద సందులోంచి దూరి వాళ్ళ ఇంటి వైపు పోతుంటే నేను చూశాను. నోట్లో గోధుమరంగు బొచ్చు ఉంది. అదిలిస్తే ఒక ముక్క వదిలేసి పారిపోయింది. తప్పు చెయ్యని కుక్క పారిపోదు. ఆ ముక్కను పట్టకారుతో ఎత్తి, కవరులో వేసి, మీద తేదీ రాసి, గోడ మేకుకు తగిలించాను. ఆ ఇంటి మీద నా దగ్గర అలాంటి కవర్లు ఇంకా ఉన్నాయి. మర్నాడు పొద్దున తల్లి లేని పిల్లలు దొరికాయి. కోర్టులో కూడా ఇంతకంటే అడగరు.

నేను సోఫాలు, కుర్చీలు, బస్సు సీట్లు బాగుచేస్తాను. ముందు గది పనికి, వెనక గది నాకు. నా భార్య పోయి నాలుగేళ్ళయింది. ఆమె తమ్ముడి ఇల్లు మా పక్కనే, మధ్యలో ఒకటే గోడ. వాడు సిటీ బస్సు కండక్టరు. వీధిలో అందరూ వాణ్ణి విజిల్ అంటారు. ఆమె పోయిన పదిహేను రోజులకే వాడు ఆ గోడ అవతల రేడియో పెట్టాడు. పాటలు. వీధి మొత్తానికి వినబడేలా. ఆ రోజు నుంచి నేను వాడితో మాట్లాడలేదు. వాడు మాట్లాడతాడు. అది వాడి ఇష్టం.

పెరట్లో గోడ వారగా ఒక సోఫా పడి ఉంది. ఆరేళ్ళ కిందట ఒక లాయరు బాగుచెయ్యమని దింపించి, మళ్ళీ ఇటు రాలేదు. కాళ్ళు విరిగి, గడ్డిలో నేలబారుగా కూర్చుండిపోయింది. ముందు అంచు గుడ్డ చిరిగి వేలాడుతోంది. స్ప్రింగులైనా పనికొస్తాయని ఆ పొద్దున సీటు గుడ్డ కోశాను. గుడ్డ కింద గోనె, గోనె కింద పీచు. పీచులో చెయ్యి పెట్టాను. చేతి కింద ఏదో కదిలింది.

ముప్ఫై అయిదేళ్ళుగా సోఫాల్లో చేతులు పెడుతున్నాను. దువ్వెనలు దొరికాయి, తాళాలు దొరికాయి, ఒకసారి కట్టుడుపళ్ళు దొరికాయి. వెచ్చగా ఉన్నది మాత్రం ఎప్పుడూ దొరకలేదు.

మూడు పిల్లలు. చెవులు వీపుకు అతుక్కుని, కళ్ళు మూసుకుని, ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. తల్లి చిరిగిన అంచులోంచి లోపలికి దూరి, తన పొట్ట మీది బొచ్చు పీకి, పీచులో గిన్నెలా గుంట చేసింది. పక్కనే ఉన్న స్ప్రింగు మొన పిల్లలకు తగలకుండా దాని చుట్టూ పీచు దట్టంగా కూరింది. పని బాగుంది. నేను ఎవరి పనినీ ఊరికే బాగుందని అనను. నా దగ్గర ఏడాది నేర్చుకుని పోయినవాళ్ళు కూడా స్ప్రింగు మొనను అలాగే వదిలేసేవాళ్ళు.

పదింటి దాకా స్టూలు వేసుకుని సోఫా ముందు కూర్చున్నాను. తల్లి రాలేదు. రాదని నాకు తెలుసు. అయినా చూశానని చెప్పడానికి చూశాను.

బావమరిది భార్య గోడ మీద బట్టలు ఆరేస్తూ తల ఎత్తింది. ఆమె నాకు చెల్లెలు వరస. పెద్దాసుపత్రిలో పసిపిల్లల వార్డులో నర్సు. ఆమెతో నాకు తగాదా లేదు.

"ఏంటన్నయ్యా, సోఫా పారిపోతుందని కాపలానా?"

"మీ కుక్క చేసిన ఘనకార్యం. వచ్చి చూడు."

తడిబట్ట చేతిలో ఉండగానే వచ్చింది. వంగి చూసి, "అయ్యో, నా బంగారాలు!" అంది.

"బంగారాలే. తల్లి మీ కుక్క కడుపులో ఉంది."

"మా ముసలిదా? అది అన్నం కలిపి పెడితేనే తినలేక చస్తోంది."

"నేను కళ్ళారా చూశాను."

ఆమె నాతో వాదించదు. అందుకే తగాదా లేదు. పిల్లల్ని ఒక్కొక్కటిగా అరచేతిలోకి తీసుకుంది. "కాటా ఉందా?"

"కాటా ఎందుకు?"

"బరువు చూడకుండా పాలెంత పట్టాలో ఎలా తెలుస్తుంది? మా వార్డులో ముందు బరువు, తర్వాతే ముద్దులు."

మేకులు తూచే కాటా ఉంది. గిన్నెలో దూది పరిచి తూచాం. పెద్దది యాభై గ్రాములు, రెండోది నలభై ఏడు, చిన్నది ముప్ఫై ఒకటి. ఆమె అక్కడికక్కడే పెద్దదాన్ని దిండు అంది, ఆగకుండా ఎగిరే రెండోదాన్ని స్ప్రింగు అంది, చిన్నదాన్ని గుండీ అంది.

"పేర్లు పెట్టకు. నిలబడతాయో లేదో."

"పేరుంటే నిలబడతాయన్నయ్యా."

నాకు జంతువులంటే ఇష్టం లేదు. ఒకటి మాత్రం నిశ్చయం చేసుకున్నాను. ఆ కుక్క మొదలుపెట్టిన పనిని నా పెరట్లో పూర్తి కానివ్వను. ఈ మూడూ బతకాలి.

చెక్కపెట్టెలో ఫోము పరిచాను. ఫోము మీద వెల్వెట్ ముక్క. ఆ వెల్వెట్ ఒక పెద్ద హోటల్ కుర్చీలకు వాడగా మిగిలింది. పెట్టె పక్కన గుడ్డ చుట్టిన వేణ్ణీళ్ళ సీసా. తల్లి గుంటలోని బొచ్చును కూడా తెచ్చి మీద కప్పాను. చెల్లెమ్మ మేకపాలు, మందు చుక్కలు వేసే గొట్టం తెచ్చింది. గోడ మీద ఒక కాగితం అంటించింది. రెండు గంటలకొక గడి. పాలు పట్టినప్పుడల్లా టిక్కు పెట్టాలి. పట్టాక పిల్లను వేలి మీద నిలబెట్టి వీపు మీద మెల్లగా తట్టాలి.

"ఇదెందుకు?"

"తేన్పు రావాలి."

కుందేలు తేన్చడం నేను ఎప్పుడూ వినలేదు. కానీ ఆమె రోజుకు ఇరవై మంది పసివాళ్ళను చూస్తుంది. తట్టాను. ఆ రోజంతా నాలుగు కుర్చీల పని ఆగిపోయింది. రెండు గంటలకొకసారి పాలు, తట్టడం, టిక్కు. ఆమె డ్యూటీకి వెళ్ళాక నేనే పట్టాను. ఒక్క గడి కూడా వదల్లేదు.

మర్నాడు తెల్లవారి పెరట్లోకి వెళ్ళేసరికి సోఫా చుట్టూ పీచు చిందరవందరగా పడి ఉంది. ఎవరో గుంట మొత్తం తవ్వి బయటికి లాగారు. ఎవరో ఏమిటి, కుక్కే. తల్లిని తిన్నది చాలక పిల్లల కోసం వచ్చింది. పలక తెచ్చి పెరటి తలుపు కింద సందును మూసి పద్నాలుగు మేకులు కొట్టాను. పలకకు నాలుగు చాలు. మిగతావి గోడ అవతలికి వినబడాలని కొట్టాను.

వినబడింది. "బావా, ఏం కడుతున్నావు? నాకు కూడా ఒక గది కట్టకూడదూ?" అని అరిచాడు విజిల్. నేను పదిహేనో మేకు తీసి, మళ్ళీ డబ్బాలో వేసేశాను. అంతటి జవాబు కూడా వాడికి ఎక్కువే.

లోపలికి వచ్చి పెట్టె మూత తీశాను. దిండూ స్ప్రింగూ నీరసంగా ఉన్నాయి. గుండీ పక్కకు ఒరిగిపోయి ఉంది. పొట్ట బిగుసుకుని డప్పులా ఉంది. వేలితో తాకితే కాలు విదిల్చింది, అంతే.

గోడ దగ్గరికి వెళ్ళి పిలిచాను. "అమ్మాయ్! తొందరగా రా."

ఆమె వచ్చింది. వెనకాలే వాడూ వచ్చాడు, యూనిఫాం వేసుకుని, మెడలో విజిల్‌తో. నాలుగేళ్ళలో వాడు నా గుమ్మం దాటడం అదే మొదలు. వాడి వెనకాలే కుక్క.

"కుక్కను బయట ఉంచమని మీ ఆయనకు చెప్పు."

"బయటే ఉందని మీ అన్నయ్యకు చెప్పు," అన్నాడు వాడు. "తోక ఒక్కటే లోపల ఉంది."

చెల్లెమ్మ మా ఇద్దరినీ పట్టించుకోలేదు. గుండీని చేతిలోకి తీసుకుని చూసింది. ముఖం మారిపోయింది. "నిన్న సాయంత్రం బాగానే ఉందే. లెక్క ప్రకారమే పట్టాం కదన్నయ్యా?"

"ఒక్క గడి కూడా వదల్లేదు. చూసుకో."

ఆమె ఫోను తీసి పశువుల డాక్టరుకు కలిపింది. ఆయన దగ్గరికి వచ్చేవి ఎప్పుడూ ఆవులే. ఫోను బల్ల మీద పెట్టి, అందరికీ వినబడేలా చేసింది. జరిగింది చెప్పింది.

"ఎన్నిసార్లు పడుతున్నారు?" అన్నాడు ఆయన.

"రెండు గంటలకోసారి సార్."

"ఎవరు చెప్పారు?"

"మా వార్డులో పిల్లలకి..."

"కుందేలుకి మీ వార్డు తెలీదమ్మా! దాని తల్లి రోజుకి రెండేసార్లు పాలిస్తుంది. పొద్దున చీకటితో ఒకసారి, సాయంత్రం పొద్దు వాలాక ఒకసారి. అయిదు నిమిషాలు, అంతే. మీరు పన్నెండుసార్లు పడితే పొట్ట పగలదా? సరే, ఒంటికి పోయించారా?"

మేం ముగ్గురం ముఖాలు చూసుకున్నాం.

"వాటంతటవి పోయలేవు. తల్లి నాకితేనే వస్తుంది. దూది వేణ్ణీళ్ళలో ముంచి కింద మెల్లగా రాయండి. మెల్లగా. నాలుకలాగా. తేన్పులు తర్వాత చూసుకోవచ్చు."

ఆమె దూది తీసి మళ్ళీ బల్ల మీద పెట్టేసింది. రోజూ చేసే పనే, కానీ తప్పు తనదని తెలిశాక చెయ్యి ఆడలేదు. గుండీని నేను తీసుకున్నాను. నా దగ్గర దూదికి కొదవ లేదు. మంచి దూది, గింజ లేనిది, వేణ్ణీళ్ళలో ముంచి పిండి, ఎడమ అరచేతిలో దాన్ని వెల్లకిలా పెట్టుకుని రాశాను. వెల్వెట్ పోగు ఎటు వాలితే అటే దువ్వాలి. అదే పని. రాస్తూనే ఉన్నాను. ఏమీ లేదు. విజిల్ నా భుజం మీదుగా వంగి ఊపిరి పీలుస్తున్నాడు. వెళ్ళమని చెప్పడానికి చెల్లెమ్మ వైపు చూశాను. ఆమె కళ్ళు మూసుకుని ఉంది.

అప్పుడు నా మణికట్టు మీద వెచ్చగా తగిలింది. ఒక చుక్క, మరో చుక్క, ఆ తర్వాత ధార. ముప్ఫై ఒక్క గ్రాముల ప్రాణి అన్ని నీళ్ళు ఎక్కడ దాచుకుందో తెలీదు. చొక్కా చెయ్యంతా తడిసింది.

"పోసింది!" అన్నాను.

విజిల్ గట్టిగా ఈల ఊదాడు. బస్సు కదలమని ఊదే ఈల. గది అదిరింది. పెట్టెలో మిగతా రెండూ ఉలిక్కిపడ్డాయి. "రైట్ రైట్!" అన్నాడు. చెల్లెమ్మ వాడి చేతి మీద ఒకటి వేసి, నవ్వుతూ ఏడ్చింది. మిగతా రెండింటికీ తనే రాసింది. అవీ పోశాయి. మూడు పొట్టలూ మెత్తబడ్డాయి. గుండీ తలెత్తి ముక్కు ఆడించింది.

ఫోనులో డాక్టరు ఇంకా ఉన్నాడు. "అయిందా? అయితే ఇప్పుడు అసలు సంగతి చెప్పండి. తల్లి చచ్చిపోయిందని ఎవరన్నారు?"

"కుక్క చంపింది," అన్నాను.

"శవం చూశారా?"

"బొచ్చు చూశాను."

"బొచ్చు చూస్తే సరిపోదు. అది పగలు గూటి దగ్గరికి రాదు. దూరంగా కూర్చుంటుంది. దగ్గరుంటే కుక్కలకీ పిల్లులకీ పిల్లల జాడ తెలుస్తుందని. గూటి ఎదురుగా మనిషి స్టూలేసుకు కూర్చుంటే అసలే రాదు. పిల్లల్ని ఎక్కడ దొరికాయో అక్కడే పెట్టండి. మీద నాలుగు దారాలు అడ్డంగా, నాలుగు నిలువుగా పరవండి. పొద్దున దారాలు చెదిరి, పిల్లల పొట్టలు నిండి ఉంటే తల్లి ఉన్నట్టు. ఇంకా ఆలస్యం చేస్తే దానికి పాలు ఆగిపోతాయి. చేత్తో పెంచితే మూడింట్లో ఒకటి మిగిలినా గొప్పే." పెట్టేశాడు.

"పెట్టేద్దాం అన్నయ్యా," అంది చెల్లెమ్మ.

"చచ్చిన తల్లి ఎలా వస్తుంది? ఈ మూడూ అక్కడ ఆకలితో పోతాయి. నేను ఒప్పుకోను."

"బావా," అన్నాడు విజిల్. కుక్కను రెండు చంకల కింద పట్టుకుని ఎత్తి, నా బల్ల మీద కూర్చోబెట్టాడు. దాని మూతి రెండు చేతులతో తెరిచాడు. "చూడు. లెక్కపెట్టు."

చూశాను. పైన లేవు. కింద లేవు. గులాబీరంగు చిగుళ్ళు, నాలుక, వాసన.

"ఒక్క పన్నుంటే ఇప్పుడే దీన్ని జైలుకి పంపు. టిక్కెట్టు నేను కొడతాను."

"చిగుళ్ళతో చంపింది," అని చెల్లెమ్మతో చెప్పాను.

"చిగుళ్ళతోనా!" వాడు కుక్క ముఖంలోకి చూశాడు. "ఏమే, నీలో ఇంత ప్రతిభ ఉందా? మా ఇంట్లో ఉప్మాకి కూడా లొంగిపోతావు కదే!"

"నా దగ్గర సాక్ష్యం ఉంది," అన్నాను ఆమెతోనే.

మేకుకు తగిలించిన కవరు తీశాను. తేదీ చూపించాను. లోపలి ముక్కను వేళ్ళతో బయటికి తీశాను. మొన్న దొరికినప్పుడు అది కుక్క ఎంగిలితో తడిసి ఉంది కనక పట్టకారు వాడాను. ఇప్పుడు ఎండింది. వేళ్ళ మధ్య పట్టుకున్నాను.

బొచ్చుకు వెనకాల నేత ఉంది.

గట్టి నేత, అంచున నేను పిండిన జిగురు. రెండేళ్ళ కిందట ఒక ఫోటో స్టూడియోవాడికి, పసిపిల్లల్ని కూర్చోబెట్టే గుండ్రటి దిండుకు కుట్టిన బొచ్చుగుడ్డ. మిగిలిన ముక్కలు పెరట్లో చెత్తకుప్పలో పారేశాను. గుడ్డను చీకట్లో తడిమి ఏ మిల్లుదో చెప్పగలను. ఆ సాయంత్రం తడమలేదు. తడమాల్సిన అవసరం కనబడలేదు.

ముక్కను జేబులో పెట్టుకున్నాను.

"ఏంటది, చూపించు బావా."

"మీ ఆయన్ని సోఫా దగ్గరికి పదమను," అన్నాను చెల్లెమ్మతో. "పిల్లల్ని వెనక్కి పెట్టాలి."

"ఇప్పుడే కదా ఒప్పుకోనన్నావు అన్నయ్యా?"

"డాక్టరు చెప్పాడు."

"డాక్టరు చెప్పి పావుగంటైంది. ఆయన మాట నీ చెవి దాకా రావడానికి ఏ బస్సెక్కింది?" అన్నాడు విజిల్.

చెల్లెమ్మ నా జేబు వైపు చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళిపోయింది. ఆమె భుజాలు ఊగుతున్నాయి.

పని కష్టమైంది. గుంట చెదిరిపోయింది. సీటు గుడ్డ నేనే కోసేశాను. పైన కప్పు లేకపోతే కాకులు పిల్లల్ని తన్నుకుపోతాయి. పీచును తిరిగి కూరాను. స్ప్రింగు మొన చుట్టూ తల్లి ఎలా కూరిందో అలాగే కూరాను. గిన్నె గుంట చేసి, పెట్టెలోని తల్లి బొచ్చునే అందులో పరిచాను. దారాలు తర్వాత. ముందు కప్పు కుట్టాలి. సీటు గుడ్డను స్ప్రింగుల మీదుగా లాగి కట్టాలంటే పై నుంచి దబ్బనం దింపితే కింద ఇంకో చెయ్యి అందుకుని మళ్ళీ పైకి గుచ్చాలి. అది ఇద్దరి పని. నాలుగేళ్ళుగా అలాంటి పని వస్తే లేదని పంపించేస్తున్నాను. కింద చెయ్యి నా భార్యది.

వాడు యూనిఫాం చొక్కా విప్పి గోడ మీద వేశాడు. గడ్డిలో బోర్లా పడుకుని, చిరిగిన అంచులోంచి చేతిని భుజం దాకా లోపలికి దూర్చాడు. "ముందుకి జరగండి, ముందుకి జరగండి," అన్నాడు తనలో తాను.

దబ్బనం దింపాను.

"అమ్మా! అది నా వేలు బావా!"

"వేలు పక్కకు పెట్టుకోమను."

"ఎవరితో చెప్తున్నావు? మీ చెల్లెమ్మ ఇంట్లో ఉంది."

చుట్టూ చూశాను. లేదు. కుక్క ఒక్కటే ఉంది. దబ్బనాన్ని గుడ్డలోంచి కొంచెం పైకి లాగి ఆగాను. వాడు కింద పడుకునే ఉన్నాడు, చెయ్యి లోపలే ఉంది.

"వేలు పక్కకు పెట్టుకో," అన్నాను.

కింద చెయ్యి కాస్త పక్కకు జరిగింది. తర్వాత దబ్బనం సరిగ్గా నా గుర్తు దగ్గర పైకి వచ్చింది. మళ్ళీ దింపాను. మళ్ళీ వచ్చింది. పదకొండు కుట్లు. వాడు ఎనిమిది కుట్లదాకా నోరు మూసుకున్నాడు. అది వాడికి రికార్డు.

"రేడియో సంగతి," అన్నాడు తొమ్మిదో కుట్టు దగ్గర. "నీకు కోపమొచ్చిందని తెలుసు. అక్క పోయాక నీ మిషను చప్పుడు ఆగిపోయింది. పదిహేను రోజులు గోడకి చెవి పెట్టి విన్నాను. దగ్గు కూడా లేదు. బతికున్నావో లేదో తెలీలేదు. పాటలు గట్టిగా పెడితే తిట్టడానికైనా వస్తావనుకున్నాను."

ఆ రోజు నిజంగానే గోడ మీద గుద్ది తిట్టాను. అది గుర్తుంది.

"గుద్దావు చూడు," అన్నాడు వాడు, "ఆ రాత్రి నిద్ర పట్టింది నాకు."

పదో కుట్టు దింపాను. వాడి వేలికి మళ్ళీ గుచ్చుకుంది. అది పొరపాటే. ఎవరడిగినా అలాగే చెప్తాను. రేడియో విషయంలో వాణ్ణి క్షమించానని ఎవరూ అనుకోనక్కరలేదు. చప్పుడు ఎక్కువే.

పదకొండో కుట్టు వేసే ముందు జేబులోని ముక్కను తీసి పీచు కింద లోతుగా తోసేశాను. వాడికి కనబడలేదు. ముడి వేశాను. చిరిగిన అంచును తల్లి దూరేంత వదిలేశాను. ఆ చిరుగులోంచే పిల్లల్ని గుంటలో పెట్టి, మీద తెల్ల దారాలు నాలుగు అడ్డంగా, నాలుగు నిలువుగా పరిచాను. గుండీని మధ్యలో పెట్టాను.

సాయంత్రం ముగ్గురం వెనక గదిలో దీపం వెయ్యకుండా కిటికీ వెనక నిలబడ్డాం. కుక్కను వాళ్ళింట్లో కట్టేశారు. పొద్దు వాలింది. గడ్డి బూడిదరంగుకు తిరిగింది. ఏమీ రాలేదు. చెల్లెమ్మ పెట్టె వైపు చూసింది. పాలు కలపనా అని అడగలేదు, కానీ ఆ చూపు అదే.

"డాక్టరు పొరపాటు పడ్డాడు," అన్నాను.

"హుష్," అంది ఆమె. "చప్పుడు."

పెరటి తలుపు దగ్గర గీకుతున్నట్టు చప్పుడు. ఆగింది. మళ్ళీ. చిన్న గోళ్ళు చెక్క మీద.

"నీ పలక బావా," అన్నాడు విజిల్ గుసగుసగా.

పద్నాలుగు మేకులు. నిన్న రాత్రి సోఫా చుట్టూ పీచు లాగింది ఎవరో, ఏం వెతికిందో అప్పుడు అర్థమైంది. కుక్క రాకుండా నేను బిగించిన పలకకు అటువైపు తల్లి ఉంది. ఇటువైపు పిల్లలు ఉన్నాయి.

పట్టకారు తీసుకుని పెరట్లోకి వెళ్ళాను. అవతల గోళ్ళ చప్పుడు ఆగిపోయింది. పారిపోయిందనుకున్నాను. మోకాళ్ళ మీద కూర్చుని మేకులు పీకాను. నేను కొట్టిన మేకు తేలిగ్గా రాదు. ఏడు వచ్చాక పలక కొంచెం కదిలింది. విజిల్ వచ్చి పక్కన కూర్చుని, పలక అంచును వేళ్ళతో పట్టుకుని లాగాడు. పద్నాలుగూ పీకాం. పలకను గోడకు ఆనించి, వంగినవాళ్ళం వంగినట్టే ఇంట్లోకి వచ్చాం. చెల్లెమ్మ నవ్వు ఆపుకోలేక బల్ల కిందికి వంగింది.

ఇరవై నిమిషాలు. నా కాళ్ళు తిమ్మిరెక్కాయి. సందు కింద నేల కదిలినట్టయింది. తర్వాత రెండు చెవులు. పెద్దది కాదు, బక్కది, పొట్ట మీద బొచ్చు లేదు. నేరుగా సోఫా దగ్గరికి పోలేదు. గడ్డి కొరికింది. అటు చూసింది, ఇటు చూసింది. ఎవరి కోసమూ రానట్టు, ఊరికే అటుగా వెళ్తున్నట్టు నడిచింది. అంచు దగ్గరికి చేరి, ఒక్క క్షణంలో లోపలికి దూరిపోయింది.

విజిల్ చెయ్యి మెడలోని ఈల మీదికి పోయింది. చెల్లెమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. నేను రెండో చెయ్యి పట్టుకున్నాను. వాడు ఊదడం ఖాయం.

గోడ గడియారంలో చూశాను. అయిదు నిమిషాలకు అర నిమిషం తక్కువ. బయటికి వచ్చింది. సందులోంచి వెళ్ళిపోయింది.

పొద్దున దారాలు పక్కకు పోయి ఉన్నాయి. మూడు పొట్టలూ గుండ్రంగా, మెత్తగా ఉన్నాయి. గుండీని కాటాలో వేశాను. ముప్ఫై ఎనిమిది గ్రాములు. చెల్లెమ్మ కాగితం మీద రాసి, పక్కన పెద్ద టిక్కు పెట్టి, ఆ కాగితాన్ని చింపేసింది. "ఇక దాని వార్డు అది చూసుకుంటుంది," అంది.

పది రోజులు ఆ పెరట్లోకి నేను పగటిపూట వెళ్ళలేదు. స్టూలు కిటికీ దగ్గరే ఉంది. పిల్లలు కళ్ళు తెరిచాయి. ఒక సాయంత్రం దిండు అంచు దాకా వచ్చి గడ్డిని చూసి వెనక్కు పోయింది. మర్నాడు స్ప్రింగు గడ్డిలోకి దూకి, తన దూకుడికి తనే భయపడింది. ఆఖర్న గుండీ. అది బయటికి వచ్చి అటూ ఇటూ చూడకుండా కూర్చుని తినడం మొదలుపెట్టింది. పిడికిలంత అయింది. ఇంకో వారానికి సోఫా ఖాళీ. ఎటు పోయాయో చూడలేదు. చూడకూడదని డాక్టరు చెప్పాడు.

ఆ ఆదివారం విజిల్ కుక్కను తీసుకుని వచ్చాడు. దాని మెడలో పాత టై కట్టి ఉంది. తెచ్చి నా బల్ల ముందు కూర్చోబెట్టాడు.

"ఇదిగో బావా, నిర్దోషి వచ్చింది. పరువునష్టం కేసు వేస్తానంటోంది. లాయరు ఎలాగూ మనకి బాకీ ఉన్నాడు, సోఫా ఆయనదే కదా. ఒక్క మాట అనెయ్, కేసు వెనక్కి తీసుకుంటుంది."

"ఏం మాట?"

"మీ చెల్లెమ్మ చెప్పింది. ఆ కవరులో ఏముందో."

చెల్లెమ్మ వైపు చూశాను. గుమ్మంలో నిలబడి, బయట ఏదో చాలా ముఖ్యమైనది చూస్తోంది.

"నా చేతిలో నాలుగు కుర్చీల పని ఉంది," అన్నాను. "గుండీలు కుట్టాలి. నీకు తీరికుంటే కింద కూర్చో. లేకపోతే కుక్కను తీసుకుని వెళ్ళు."

వాడు కింద కూర్చున్నాడు. కుక్క ఫోము ముక్కల మీద పడుకుంది. నేను దబ్బనం దింపాను.

"అంటే బావా, ఒప్పుకున్నట్టేనా? చిగుళ్ళతో అన్నావు కదా. చిగుళ్ళతో ఎలా..."

కుక్క ఆ సాయంత్రం ఆరింటికి నా పెరట్లోంచి పోయింది. నోట్లో గోధుమరంగు బొచ్చు ఉంది. ఆ రెండు మాటలూ నిజం. మిగతా దాని గురించి వాడు రోజుకొకసారి అడుగుతాడు. చెల్లెమ్మ ఆదివారాలు అడుగుతుంది. పశువుల డాక్టరు కూడా ఒకసారి ఫోనులో అడిగాడు. నేను చెప్పలేదు. ఇక ముందు ఎవరికీ చెప్పను. ఈ విషయం నా దగ్గర మళ్ళీ ఎత్తవద్దు.